కొండబిడ్డల పుండు – సూక్ష్మజీవి క్రోమోసోము

కొత్తవలస–కిరండూల్ రైలుమార్గము విశాఖ మైదానమును విడిచి, సొరంగములను దాటుకొనుచు అరకు లోయకు చేరి, అచ్చటి నుండి ఒడిశాలోని కోరాపుట్ మీదుగా బస్తరు వైపు సాగును. ఈ తూర్పు కనుమలలో రాష్ట్రముల సరిహద్దులు పటములోని గీతలు మాత్రమే. అడవులు, వానలు, జనుల రాకపోకలు వానిని లెక్కింపవు. ఈ ప్రాంతముల పిల్లలను చిరకాలము వేధించిన 'యాస్' అను చర్మరోగమును ఆ గీతలను లెక్కింపలేదు.

యాస్ సాధారణముగా ప్రాణము తీయదు, బ్రతుకును చెఱచును. ఎక్కువగా 15 సంవత్సరముల లోపు పిల్లలకు, ఒకరి పుండు మఱియొకరి గీరుకొనిన చర్మమునకు తగులుటచే సోకును. ఎఱ్ఱని కండ పైకుబికిన కురుపులతో మొదలై, చికిత్స లేనిచో కొందఱిలో ఎముకలను వంచి, ముక్కును తినివేయును. కొన్ని ప్రాంతములలో దీనిని మాడియా రోగమనియు, గోండీ రోగమనియు పిలిచెడివారు. ఆ విధముగా రోగము పేరే ఒక తెగపై నింద యయ్యెను.

నిందకు శాస్త్రసంబంధమైన చిక్కు కూడ తోడయ్యెను. 1905లో జర్మనీ దేశీయులైన షౌడిన్, హాఫ్‌మన్ అనువారు సవాయి రోగమునకు, అనగా సిఫిలిస్‌కు, కారణమైన సన్నని మెలికల సూక్ష్మజీవిని కనుగొనిరి. ఆ యేడే సింహళములో కాస్టెల్లానీ యను వైద్యుడు యాస్ పుండ్లలో అట్టి జీవినే చూచెను. ట్రెపొనీమా యను పేరుగల ఈ జీవులను సూక్ష్మదర్శినిలో వేఱుపఱుప వీలు లేదు. రక్తపరీక్షయు రెంటికి ఒకే ఫలితము నిచ్చును. సవాయి ముఖ్యముగా లైంగిక సంపర్కముచే వ్యాపించునది. యాస్ ఆటపాటలలో పిల్లల కంటుకొనునది. పరీక్షాఫలితమును మాత్రమే చూచువారు నిర్దోషియైన బిడ్డను, తల్లిదండ్రులను అనుమానించుటకు అవకాశ మేర్పడెను.

ఈ చిక్కునకు సమాధానము జీవి రూపమున గాక, దాని క్రోమోసోములో నుండెను. మనుష్యుని జీవకణములో 46 క్రోమోసోములు కేంద్రకమునందు అమరి యుండును. బాక్టీరియాకు కేంద్రకము లేదు. సాధారణముగా క్రోమోసోమొక్కటే, అదియు చాలవానిలో కొసలు కలిసిన వలయము. 1944లో ఏవరీ, మెక్లాయిడ్, మెకార్టీలు న్యుమోనియా బాక్టీరియాతో ప్రయోగములు చేసి, వంశలక్షణములను మోయునది డి.ఎన్.ఏ. అని చూపిరి. 1946లో లెడర్‌బర్గ్, టేటమ్‌లు బాక్టీరియా తమలో జన్యువులను ఇచ్చిపుచ్చుకొనునని నిరూపించిరి. 1963లో జాన్ కెయిర్న్స్ పేగులలో నివసించు కోలీ బాక్టీరియా క్రోమోసోము చిత్రమును ప్రకటించెను. ఆ వలయము పొడవు ఒక మిల్లీమీటరు పైమాటే. అనగా జీవి పొడవునకు దాదాపు 500 రెట్లు! ఒకే క్రోమోసోము, అనుకూల స్థితిలో 20 నిమిషములకే రెండగు వేగము: ఈ రెండు గుణములచే బాక్టీరియా జన్యుశాస్త్రమునకు ఓనమాల పలక యయ్యెను. 1995లో ఒక బాక్టీరియా క్రోమోసోమును మొదటినుండి తుదివఱకు చదువగలిగిరి.

ట్రెపొనీమా మాత్రము చాలకాలము గాజుపాత్రలోని పోషకద్రవములో పెరుగలేదు. దానిని కుందేళ్ల దేహములో పెంచవలసి వచ్చెను. అయినను 1998లో సవాయి జీవి క్రోమోసోము పఠనము పూర్తియయ్యెను: 11,38,006 అక్షరజతలు, సుమారు 1,041 జన్యువులు. తనకు వలయు పదార్థములను తానే నిర్మించుకొను జన్యువులనేకము దానికి లేవనియు, అందుచేతనే అది పరదేహముపై ఆధారపడుననియు తెలిసెను. 2012లో మూడు యాస్ క్రోమోసోముల పఠనము వెలువడెను. సవాయి జీవితో పోల్చినచో భేదము వేయి అక్షరములకు రెండింటికి మించలేదు. కాని ఆ స్వల్పభేదమే రెండు శాఖలను స్పష్టముగా విడదీసెను.

అయితే మన కొండలలో యాస్‌ను జయించినది ఈ పఠనము కాదు. పెన్సిలిన్ సూది, ఆరోగ్య కార్యకర్తల నడక. 1952 మొదలు ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్‌ల సహాయముతో తొలి దాడి జరిగెను. రోగము తగ్గెను, నిఘా సడలినంతనే తిరిగి తలయెత్తెను. 1996లో కోరాపుట్ జిల్లాలో ఆరంభమైన నిర్మూలన కార్యక్రమము క్రమముగా ఆంధ్రప్రదేశ్ సహా 10 రాష్ట్రములకు విస్తరించెను. కార్యకర్తలు ఇల్లిల్లు వెదకి, రోగికిని, దగ్గఱగా మెలగినవారికిని మందు వేసిరి. 1996లో 3,571గా నున్న రోగుల సంఖ్య 2004 నాటికి సున్నకు దిగెను. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమును యాస్ లేని దేశముగా గుర్తించెను.

మఱి క్రోమోసోము పఠనముతో పనియేమి? యాస్ ఇతర దేశములలో ఇంకను కలదు. అచ్చట ఇప్పుడు సూదికి బదులు అజిత్రోమైసిన్ మాత్ర నిచ్చుచున్నారు. పాపువా న్యూగినీలో ఆ మాత్రకు లొంగని యాస్ బయటపడినట్లు 2018లో ప్రకటించిరి. క్రోమోసోములో ఒక అక్షరము మారుటయే అందుకు కారణము. రేపు మన కొండలలో అనుమానింపదగిన పుండు కనబడినచో, అది ఏ రోగమో, ఏ మందునకు లొంగునో జన్యుపరీక్ష చెప్పగలదు. పరీక్ష సిద్ధముగా నున్నను, ఆ పుండును చూచి చెప్పువారు కొండలలో నుండవలెను. తొలి దాడి తరువాత లోపించినది అదియే.