పూత కింది ఇనుము: బిలాస్‌పూర్ రైలుపెట్టెలూ తుప్పు పరీక్షా

బిలాస్‌పూర్ అనగానే పట్టాలు, బొగ్గు, జోనల్ కార్యాలయం గుర్తుకు రావడం సహజమే గాని, ఆ ఊరి రైల్వే కుటుంబాలు తరతరాలుగా చేస్తూ వచ్చిన ఒక పనికి కూడా ఆ పట్టణ చరిత్రలో చోటు ఉండాలి. బండి పైకి ఎంత నిగనిగలాడినా, రంగు కింద ఇనుము ఎంత మిగిలిందో, తుప్పు ఎంత తినేసిందో కనిపెట్టడమే ఆ పని. రైల్వే వాడుకలో దీనిని చూసే విభాగాన్ని ‘సీ అండ్ డబ్ల్యూ’ అని, అంటే క్యారేజి అండ్ వ్యాగన్ అని, దానిలో బండిని పరీక్షించి నడవడానికి తగునో కాదో తేల్చే ఉద్యోగిని ‘టీఎక్స్ఆర్’ అని పిలుస్తారు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడి, అంతకుముందే నాగ్‌పూర్ నుంచి రాజనందగావ్ దాకా నడుస్తున్న మీటరుగేజి మార్గాన్ని తీసుకొని బ్రాడ్‌గేజికి మార్చి, దానిని తూర్పుకు పొడిగించుకుంటూ పోయినప్పుడు, అర్పా నది ఒడ్డునున్న బిలాస్‌పూర్ ఆ దారిలో ముఖ్యమైన మజిలీ అయింది. 1891లో నాగ్‌పూర్–ఆసన్‌సోల్ ప్రధానమార్గం పూర్తయి, కట్నీ వైపు శాఖ కూడా కలిసేసరికి అది కూడలిగా స్థిరపడింది. 1902లో తూర్పు తీర మార్గపు ఉత్తరభాగం కూడా ఆ కంపెనీ చేతికే రావడంతో ఉత్తరాంధ్ర పల్లెలకూ ఛత్తీస్‌గఢ్ మైదానానికీ ఒకే యాజమాన్యపు పట్టాలతో బంధం కలిసింది. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తయ్యాక ఆ రాకపోకలకు దగ్గరిదారి దొరికింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్లుగా వెళ్లిన తెలుగువారు ఖరగ్‌పూర్‌లోనూ బిలాస్‌పూర్‌లోనూ రైల్వే కాలనీలలో స్థిరపడ్డారు. తరువాత రాష్ట్రపతి అయిన వి. వి. గిరి తన కార్మికోద్యమ జీవితంలో ముఖ్యభాగాన్ని ఈ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల మధ్యనే గడపడం ఆ వలస ఎంత బలమైనదో చెబుతుంది.

తొలి దశాబ్దాల పెట్టెలను పరీక్షించడం ఒక విధంగా తేలిక. వాటి అడుగున ఉక్కు చట్రం ఉండేది, దానిమీద టేకు వంటి కలపతో కట్టిన గది కూర్చునేది. బరువంతా చట్రం మోసేది గనుక, గది చెక్క పుచ్చినా పలక మార్చి బండిని నడిపేవారు. చట్రం కిందినుంచి కంటికి కనిపించేది, చేతికి అందేది. అప్పటి పరీక్షలో ప్రధానమైనది చక్రాన్ని సుత్తితో తట్టి వినడం: గట్టి చక్రం ఖణేలుమని మోగుతుంది, పగులున్నది బొంగురుగా పలుకుతుంది. సంతలో కుండ కొనేవారు వేలి కణుపుతో కొట్టి చూసి పగులు పట్టుకున్నట్టే ఇది కూడా చెవితో చేసే పరీక్ష. అయితే కలప పెట్టెలకు ఒక ఘోరమైన లోపం ఉండేది. బళ్లు ఢీకొన్నప్పుడు ఒక పెట్టె చట్రం పక్క పెట్టె గదిలోకి దూసుకుపోయి లోపలివారిని నలిపేసేది.

ఆ లోపాన్ని తొలగించడానికే ఒక స్విట్జర్లాండు సంస్థ సహకారంతో మద్రాసు పెరంబూరులో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 1955 అక్టోబరు 2న ప్రారంభమైంది. దాని పేరులోని ‘ఇంటిగ్రల్’ అనే మాటలోనే అసలు మార్పు ఉంది. చట్రం వేరు, గది వేరు అన్న విభజన పోయి, నేల, పక్కగోడలు, పైకప్పు, చివరి గోడలు అన్నీ వెల్డింగుతో ఒకే గొట్టంగా కలిసి బరువును పంచుకునే నిర్మాణం వచ్చింది. వెదురుబొంగు లోపల డొల్లగా ఉన్నా పలుచని గోడతోనే బలం నిలుపుకున్నట్టు, సుమారు 2 మిల్లీమీటర్ల మందం గల రేకులే ఈ పెట్టెకు ఎముకలయ్యాయి. తేలికదనం, భద్రత రెండూ పెరిగాయి. కాని రేకే ఎముక అయినప్పుడు, రేకును తినే తుప్పు నేరుగా ఎముకను తింటుంది. పైగా ఆ ఎముకలో ఎక్కువ భాగం ప్లైవుడ్ నేల కిందా, లోపలి పలకల వెనకా దాగి ఉంటుంది. ఈ మార్పుతో పరీక్షకుని పని చక్రం దగ్గర ఆగక పెట్టె శరీరమంతటికీ విస్తరించింది.

ఇక్కడ కొన్ని పేర్లు విప్పి చెప్పుకోవాలి. పెట్టె పొడవునా రెండు అంచుల వెంట పోయే ఉక్కు దూలం ‘సోల్‌బార్’. నేల కింద ముడతలు ముడతలుగా పరచిన రేకు ‘ట్రఫ్ ఫ్లోర్’. పక్కగోడ అడుగున లోపలికి వంగే భాగం ‘టర్న్ అండర్’. మరుగుదొడ్ల కింద, గుమ్మాల దగ్గర, కిటికీ గట్ల కింద ఈ మూడింటికీ ప్రమాదం ఎక్కువ. మరుగుదొడ్డి నుంచి కారే నీరు, మూత్రంలోని లవణాలు, పెట్టె కడిగేటప్పుడు వాడే ఆమ్లాలు, కిటికీ సందులోంచి గోడ లోపలికి దిగే వాన చివరికి సోల్‌బార్ మీదికే చేరతాయి. నీరు పోవడానికి విడిచిన రంధ్రాలు దుమ్ముతో పూడుకుపోతే ఆ తేమ నెలల తరబడి అక్కడే నిలుస్తుంది. ఇరుకు సందులో గాలి తక్కువ ఆడితే తుప్పు కూడా తక్కువే పడుతుందని అనుకోవడం పొరపాటు: సందు బయట ప్రాణవాయువు ఎక్కువగా, లోపల తక్కువగా ఉండే ఆ తేడాయే విద్యుద్రసాయన చర్యను రగిల్చి, లోపలి ఇనుము ముందుగా కరిగేలా చేస్తుంది. పైగా తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక, రెండు రేకుల నడుమ పెరిగి వాటిని ఎడంగా నెడుతుంది. బయటి రంగు ఉబ్బి పొక్కు కనిపించేనాటికి లోపల జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. ‘పైన పటారం, లోన లొటారం’ అన్న సామెతకు ఇంతకన్నా సరిపోయే వస్తువు దొరకదు.

బిలాస్‌పూర్ వంటి కోచింగ్ డిపోలో, పట్టాల నడుమ మనిషి నిలబడేంత లోతు గొయ్యి ఉన్న ‘పిట్ లైన్’ మీద పెట్టెను నిలిపి కిందినుంచి చూస్తారు. లోపం కనబడితే మరమ్మతు బళ్లకు కేటాయించిన ‘సిక్ లైన్’కు పంపుతారు. పూర్తి విప్పదీత మాత్రం ‘పీఓహెచ్’ అనే నియతకాలిక మరమ్మతు కోసం కర్మశాలకు వెళ్లినప్పుడే సాధ్యం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే స్థానంలో వచ్చిన ఆగ్నేయ రైల్వే కాలంలో ఖరగ్‌పూర్ కర్మశాల అటువంటి పనులకు పెద్ద కేంద్రం. అక్కడ మట్టి, పాతరంగు గోకి, మొన ఉన్న చిన్న సుత్తితో రేకును తట్టుకుంటూ పోతారు. గట్టి రేకు మోగుతుంది, తుప్పుతిన్నది మొద్దుగా పలుకుతుంది. దెబ్బ మరీ గట్టిదైతే మంచిచోట రంగు పెచ్చు లేచి కొత్త తుప్పుకు దారి ఇస్తుంది, మరీ మెల్లనైతే లోపం బయటపడదు. ఆ మధ్యస్థ బలం పుస్తకం చెప్పగలిగేది కాదు, పాత ఫిట్టరు పక్కన నిలబడి కొత్త ఖలాసీ నేర్చుకోవలసినది. ట్రఫ్ ఫ్లోర్‌లో తీసిన కంతల గుండా దీపం పెట్టి సోల్‌బార్ లోపలి ముఖాన్ని చూడటం, అనుమానం ఉన్నచోట గోడ కింది సగం పలకలు విప్పించడం తరువాతి మెట్లు. బరువు మోసే భాగంపై అతుకు వేసి రంగు పూయడం మరమ్మతు కాదు, మోసం. మంచి ఇనుము తగిలేదాకా కోసి కొత్త ముక్క వెల్డు చేయడమే మరమ్మతు.

ఇదే సమస్య పాత స్పోర్ట్స్ కార్లను కాపాడుకునే వారిది కూడా. 1962లో ఇంగ్లండులో వచ్చిన ఎంజీబీ కారులో వేరే చట్రం లేదు. గుమ్మాల కింద అనేక రేకుల పొరలతో కట్టిన డొల్ల ‘సిల్’లే దాని వెన్నెముక. అది సరిగ్గా సోల్‌బార్ వలెనే లోపలినుంచి తుప్పు పడుతుంది. 1988లో ఆ కారు శరీరాలను కొత్తగా తయారుచేసి అమ్మే ఏర్పాటు మొదలయ్యింది. అయితే ఆ కారు ఒక్కరి ముచ్చటకు చెందినది. రైలుపెట్టెను నమ్ముకొని డెబ్బైమందికి పైగా నిద్రపోతారు.

బొగ్గు వ్యాగన్ల సంగతి వేరు. కోర్బా బొగ్గును మోసే బిలాస్‌పూర్ డివిజన్‌లో వాటి సంఖ్యకు లోటు లేదు. తడిసిన బొగ్గులోని గంధకం ఆమ్లంగా మారి రేకును తింటుంది గాని, బొగ్గు దించాక ఆ నష్టం కంటి ముందే ఉంటుంది. ఇటువంటి వ్యాగన్లకూ, తరువాతి పెట్టెలకూ రాగి, క్రోమియం, భాస్వరం స్వల్పంగా కలిపిన ‘కార్టెన్’ ఉక్కును వాడారు. దానిమీద ఏర్పడే తొలి తుప్పు గట్టి పొరగా అతుక్కొని లోపలి లోహాన్ని కాపాడాలన్నది ఆలోచన. అయితే ఆ పొర తడిసి ఆరే చోటనే కుదురుకుంటుంది. ఎప్పుడూ ఆరని సోల్‌బార్ సందులో ఆ ఉక్కు ఆశించిన మేలు చేయలేదు. అందుకే ట్రఫ్ ఫ్లోర్‌కు స్టెయిన్‌లెస్ స్టీలు వాడుక వచ్చింది. జర్మన్ నమూనా ఎల్‌హెచ్‌బీ పెట్టెలు స్టెయిన్‌లెస్ స్టీలు వాడకాన్ని శరీరంలో ఎక్కువ భాగానికి విస్తరించాయి.

2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే అనే కొత్త జోనుకు కేంద్రమైంది. పెరంబూరు తన పాత నమూనా పెట్టెల తయారీని 2018 జనవరిలో ఆపింది. ప్రయాణికుల సేవ నుంచి తప్పించిన ఆ పెట్టెలలో కొన్నింటికి కిటికీలు రేకుతో మూసి, చివరి గోడలకు తలుపులు పెట్టి, నేలను బలపరచి ‘ఎన్ఎంజీ’ అనే సరుకు బళ్లుగా మారుస్తున్నారు. అవి ఇప్పుడు కర్మాగారాల నుంచి కొత్త కార్లను మోసుకుపోతున్నాయి.