"ఎవరు చేశారు?" అని అడగకండి



1692లో అమెరికాలోని సేలం అనే పల్లెలో పాస్టరు శామ్యూల్ పారిస్ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు జబ్బుపడ్డారు. కేకలు పెట్టేవారు, మెలికలు తిరిగిపోయేవారు. వైద్యునికి అంతుపట్టక ఇది చేతబడి అన్నాడు. "ఎవరు చేశారు?" అని పెద్దలు పిల్లలను గుచ్చి గుచ్చి అడిగారు. మొదట మూడు పేర్లు వచ్చాయి: ఆ ఇంటి బానిస టిటూబా, అడుక్కుతినే సారా గుడ్, జబ్బుతో చాలాకాలంగా మందిరానికి రాని సారా ఆస్బోర్న్. ముగ్గురూ మాట చెల్లని స్త్రీలే. సెప్టెంబరు ముగిసేలోగా 19 మందిని ఉరితీశారు. వారిలో జార్జ్ బరోస్ అనే పాత పాస్టరు కూడా ఉన్నాడు.

అంతకుముందే ఐరోపాలో ఇది నడిచింది. సుమారు మూడు వందల ఏళ్లలో 40 వేల నుండి 60 వేల మందిని మంత్రగత్తెలని చంపారని చరిత్రకారుల అంచనా. ఎక్కువమంది స్త్రీలే. కాథలిక్కులే కాదు, మన ప్రొటెస్టెంటులూ చేశారు. నిర్గమకాండము 22:18 చూపించి మరీ చేశారు.

ఇది ఎక్కడో, ఎప్పుడో జరిగిన కథ కాదు. 2022 జనవరిలో జగిత్యాల తారకరామనగర్‌లో, మంత్రాలు చేస్తున్నారనే అనుమానంతో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ కుల సమావేశంలోనే చంపేశారు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక తల్లి జ్వరపు బిడ్డను ఎత్తుకొచ్చి, "అయ్యగారూ, ఎవరు చేశారో చెప్పండి" అని ఏడ్చింది. నేను ఏ పేరూ చెప్పలేదు. కానీ "దేవుడు బయలుపరుస్తాడు, చూడండి" అన్నాను. ఆ ఒక్క మాట చాలింది. సాయంత్రానికల్లా వీధి చివర ఒంటరిగా ఉండే అవ్వ మీదికి పోయింది. ఆమె సుంకులమ్మను కొలుస్తుంది, పిల్లలకు వేపాకుతో దిష్టి తీస్తుంది. మనవాళ్లకు ఆ అనుమానం సులువైంది. ఎందుకంటే ఆమె దేవతను దయ్యమని నేనే ప్రసంగాల్లో ఎగతాళి చేసేవాణ్ణి. ఆ తర్వాత చాలా రోజులు ఆమె కొళాయి దగ్గరికి రాలేదు.

అపొస్తలుల కార్యములు 19:37 చదవండి. ఎఫెసులో పౌలు స్నేహితులను జనం పట్టుకున్నప్పుడు ఊరి కరణమే వారి పక్షాన సాక్ష్యమిచ్చాడు: వీరు గుళ్లు దోచలేదు, మన దేవతను తూలనాడలేదని. సువార్త దాచకుండానే పౌలు ఆ మంచిపేరు సంపాదించాడు. మన ఊరి సర్పంచి మన గురించి అలా చెప్పగలడా?

సేలంలో తీర్పు తీర్చిన శామ్యూల్ సెవాల్, 1697 జనవరి 14న బోస్టన్‌లో తన సంఘం ముందు లేచి నిలబడ్డాడు. క్షమించమని దేవునినీ మనుష్యులనూ వేడుకుంటూ ఆయన రాసిన చీటీని పాస్టరు చదివాడు. చదివినంతసేపూ ఆయన నిలబడే ఉన్నాడు.

మొన్న నేను ఆ అవ్వ ఇంటికి వెళ్లి, "తప్పు నాది అవ్వా, క్షమించు" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "కూచో నాయనా" అని చెంబుతో నీళ్లిచ్చింది. ఆదివారం మీ ముందు కూడా నిలబడి ఇదే చెబుతాను.

ఇకమీదట బిడ్డకు జ్వరమొస్తే ముందు ఆసుపత్రికి తీసుకుపోండి. ప్రార్థనకు నన్ను ఏ రాత్రయినా పిలవండి, వస్తాను. ఎవరు చేశారని మాత్రం నన్ను అడగొద్దు.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.