లాగిన్‌లో తప్పుదోవ పట్టించే సందేశాలు

కంప్యూటర్ వ్యవస్థ లోపలికి రానివ్వనప్పుడు తెర మీద కనిపించే కారణం ఒకటి, అసలు కారణం ఇంకొకటి కావడం చాలాకాలంగా ఉన్నదే. ఇందులో పొరపాటు కొంత, కావాలని చేసింది కొంత.

యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో పేరు తప్పయినా, పాస్‌వర్డ్ తప్పయినా ‘లాగిన్ ఇన్‌కరెక్ట్’ అనే ఒక్క జవాబే వస్తుంది. ఏది తప్పో విడమరిస్తే, ఆ పేరుతో ఖాతా ఉందో లేదో బయటివాళ్లకు తెలిసిపోతుంది. నోరు కట్టేసినా గుట్టు గడియారం దగ్గర రట్టయింది. లేని పేరు కొడితే పాస్‌వర్డ్‌ను సంకేతంగా మార్చే లెక్క జరగదు కాబట్టి జవాబు చప్పున వచ్చేది. పేరు ఉన్నా లేకున్నా ఆ లెక్క చేయించి ఈ లోపాన్ని సరిదిద్దిన తీరును యునిక్స్ మీద పనిచేసిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979 నాటి వ్యాసంలో వివరించారు. అయినా ఆ జాతి లోపమే 2018లో, దూరంగా ఉన్న కంప్యూటర్లలోకి లాగిన్ అయ్యేందుకు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో బయటపడింది. చెడగొట్టిన అభ్యర్థన పంపితే, ఉన్న ఖాతాకు కనెక్షన్ తెగిపోయేది, లేని ఖాతాకు తిరస్కరణ వచ్చేది.

డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ వారి వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టమ్ ఏకంగా అబద్ధమే ఆడింది. తప్పులు వరసగా పడితే చొరబాటని అనుమానించి, కాసేపు సరైన పాస్‌వర్డ్‌ను కూడా చెల్లదనేది. దొంగ సంగతి సరే, ఖాతాదారుడికీ అదే శిక్ష.

టెర్మినళ్లు పదిమందీ వాడుకునే కాలంలో ‘లాగిన్ ఇన్‌కరెక్ట్’ సందేశం మోసానికీ పనికొచ్చింది. నకిలీ లాగిన్ తెర పాస్‌వర్డ్‌ను దాచుకుని, తప్పని చెప్పి, అసలు తెరకు అప్పగించి తప్పుకునేది. వాడినవారు వేలు జారిందనుకునేవారు. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ, లాగిన్‌కు ముందు కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలు కలిపి నొక్కమనడం దీనికి విరుగుడే. మామూలు ప్రోగ్రాములు ఆ కలయికను అడ్డగించలేవు.

ఓటీపీ వచ్చాక చిక్కు రూపం మారింది. మెసేజ్ ఆలస్యమైందని మళ్లీ అడిగితే చాలా వ్యవస్థల్లో మొదట పంపిన అంకెలు రద్దవుతాయి. ఆలస్యంగా చేరిన వాటిని అక్షరం పొల్లుపోకుండా కొట్టినా ‘తప్పు ఓటీపీ’ అనే వస్తుంది. తిరుమల తిరుపతి దేవస్థానం సైట్‌లోనూ మొబైల్ నంబరు, ఓటీపీలతోనే లాగిన్. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటా విడుదలయ్యే వేళకు జనం ఒక్కసారిగా వచ్చిపడతారు. ఇలాంటి రద్దీకి వాడే వర్చువల్ క్యూ, తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లలో భక్తులను కూర్చోబెట్టినట్టు, ఆగమని నేరుగా చెబుతుంది. సర్వర్ భారాన్ని భక్తుడి తప్పుగా చూపడం కంటే ఇది మేలు.

దేవస్థానం వెబ్ చిరునామా కూడా మారుతూ వచ్చింది. టీటీడీసేవాఆన్‌లైన్ పోయి తిరుపతిబాలాజీ వచ్చింది, 2024లో అది టీటీదేవస్థానమ్స్ అయింది. పాత చిరునామా తెరుచుకోకపోతే సైట్ పనిచేయడం లేదనుకుని వెతుకులాటకు దిగేవారికి నకిలీ సైట్లు ఎదురవుతాయి. వాటిపై తిరుమల పోలీసులు కేసులు నమోదు చేశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సైట్ల చిరునామా చివర ఉండే ‘ఏపీ.గవ్.ఇన్’ను నకిలీలు పొందలేవు.