ఫోర్ బై ఫోర్

జంషెడ్‌పూర్‌లో గోల్‌మురికి దగ్గర్లోనే టెల్కో, అంటే ఇప్పటి టాటా మోటార్స్. 1945లో రైలింజన్ల కోసం పుట్టి, 1954లో డైమ్లర్-బెంజ్‌తో చేయి కలిపి లారీల బాట పట్టింది. ‘ఫోర్ బై ఫోర్’ లారీల లోకానికి బాగా అలవాటైన మాట. మొదటి అంకె మొత్తం చక్రాలది, రెండోది ఇంజను తిప్పే చక్రాలది. వెనక జంట టైర్లను ఒకే చక్రంగా లెక్కిస్తారు. అందుకే ఆరు టైర్ల మామూలు లారీ కూడా ‘ఫోర్ బై టూ’యే!

కార్ల దగ్గరికొచ్చేసరికి ఇదే ఏర్పాటుకు పేర్లు మారాయి. 1980లో ఆడి ‘క్వాట్రో’ అంది; ఇటాలియన్‌లో నాలుగని అర్థం. లాంచియా వాళ్ల డెల్టా హ్యాచ్‌బ్యాక్ ‘ఇంటెగ్రాలే’ అయింది. మంచు ర్యాలీల్లో దాని దూకుడు నాకెంతో ఇష్టం.

మంచులో ఫ్రంట్‌వీల్ కారుకు ఇంజను బరువే పట్టు. రియర్‌వీల్ కారుకు యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కితే వెనక భాగం జారుతుంది. ఫోర్ బై ఫోర్ సులువుగా కదిలి ఎత్తెక్కుతుంది. బ్రేకు వేశాక మాత్రం మూడింటికీ టైర్లే దిక్కు.