పెట్టెల్లోంచి పలికిన చికాగో

2018 మే 16న, అంటే రేడియో ప్రయోక్త, రచయిత స్టడ్స్ టెర్కెల్ పుట్టినరోజున, చికాగోలోని డబ్ల్యూఎఫ్ఎంటీ రేడియో స్టేషన్ ఆయన జీవితకాలపు సంభాషణలను ఇంటర్నెట్లో జనం ముందు పెట్టింది. ఆయన చనిపోయి అప్పటికి దాదాపు పదేళ్లు. 1952 నుంచి 1997 దాకా, నలభై అయిదేళ్ల పాటు ఆ స్టేషన్లో ఆయన చేసిన కార్యక్రమాలు సుమారు 5,600. వాటిలో వెయ్యికి పైగా మొదటి విడతలోనే విడుదలయ్యాయి. వినడానికి రుసుము లేదు, పరిశోధకులమని రుజువు చూపించాల్సిన పనీ లేదు. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దపు రెండో సగం ఎలా మాట్లాడిందో, ఎలా నవ్విందో, ఏ మాట దగ్గర గొంతు సవరించుకుందో ఇప్పుడు ఎవరైనా వినొచ్చు.

టెర్కెల్ 1912లో న్యూయార్క్‌లో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం చికాగో చేరింది. తల్లిదండ్రులు అక్కడ గదులు అద్దెకిచ్చే హోటల్ నడిపారు. పని ఉన్నవాళ్లూ, పని పోయినవాళ్లూ, యూనియన్ మనుషులూ, వాళ్లంటే పడనివాళ్లూ సాయంత్రమైతే ఆ హోటల్ ముందుగదిలో చేరి వాదించుకునేవారు. ఆ వాదనలు వింటూ పెరిగిన కుర్రాడు 1934లో చికాగో విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా తీసుకున్నాడు, కానీ కోర్టు మెట్లెక్కలేదు. రేడియో నాటకాల్లో గూండా వేషాలు వేశాడు, స్క్రిప్టులు రాశాడు. టెలివిజన్ కొత్తగా వచ్చిన రోజుల్లో ‘స్టడ్స్ ప్లేస్’ అనే కార్యక్రమంతో పేరు తెచ్చుకున్నాడు. అసలు పేరు లూయిస్. చికాగో నవలాకారుడు జేమ్స్ టి. ఫారెల్ సృష్టించిన స్టడ్స్ లోనిగన్ పాత్ర నుంచి వచ్చింది ఆ ముద్దు పేరు.

అంతలో, కమ్యూనిస్టులన్న అనుమానంతో మనుషులను వెంటాడిన మెకార్థీ కాలం ముంచుకొచ్చింది. నల్లజాతి వారిపై వివక్షకు వ్యతిరేకంగా, అద్దెల నియంత్రణ కోరుతూ తిరిగిన వినతిపత్రాల మీద టెర్కెల్ సంతకాలున్నాయి. కమ్యూనిస్టుల మాయలో పడి సంతకం చేశానని ఒప్పుకుంటే ఉద్యోగం నిలిచేది. ఆయన ఒప్పుకోలేదు. టెలివిజన్ తలుపు మూసుకుంది. ఆ రోజుల్లో గాస్పెల్ గాయని మహాలియా జాక్సన్ తన సీబీఎస్ రేడియో కార్యక్రమానికి ఆయన్నే రచయితగా పెట్టుకుంది. విధేయతా ప్రమాణపత్రం మీద ఆయన సంతకం కావాలని సంస్థ పట్టుబడితే, ఆయన లేకపోతే తానూ ఉండనని తేల్చి చెప్పింది. ఆ స్నేహం ఆర్కైవ్‌లోనూ కనిపిస్తుంది: 1964లో మార్టిన్ లూథర్ కింగ్‌తో టెర్కెల్ మాట్లాడింది ఆమె ఇంట్లోనే.

పని లేక ఇంట్లో కూర్చున్న రోజుల్లో రేడియో తిప్పుతుంటే వామపక్ష జానపద గాయకుడు వుడీ గత్రీ పాట వినిపించిందట. గత్రీని వేసే ధైర్యం ఏ స్టేషన్‌కుందా అని ఆరా తీస్తే డబ్ల్యూఎఫ్ఎంటీ అని తెలిసింది. అది ఎక్కువగా శాస్త్రీయ సంగీతం వినిపించే చిన్న స్టేషన్, మొదలై ఎంతో కాలం కాలేదు. వెంటనే ఫోన్ చేశాడు. వాళ్లు రమ్మన్నారు. పాటల రికార్డులు వేస్తూ మొదలైన కార్యక్రమం పాటగాళ్లతో కబుర్లుగా మారింది, క్రమంగా అన్ని రకాల మనుషులతో సంభాషణగా విస్తరించింది. ఇరవై ఒక్కేళ్ల బాబ్ డిలన్ 1963లో, తన రెండో ఆల్బమ్ బజారులోకి రాకముందే, ఈ స్టూడియోలో కూర్చుని పాడాడు.

టెర్కెల్ వినే తీరు తెలియాలంటే 1961లో నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్‌తో చేసిన సంభాషణ వినాలి. రచయితతో ముఖాముఖి అంటే పుస్తకం గురించి ప్రశ్నతో మొదలవుతుందనుకుంటాం. టెర్కెల్ మాత్రం ముందు బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ పాడిన వరద పాట వేశాడు. పాటయ్యాక, ఇది వింటుంటే ఏమనిపిస్తోందని అడిగాడు. బాల్డ్విన్ అక్కణ్నుంచి తెరుచుకున్నాడు. స్విట్జర్లాండ్ కొండల్లోని ఒక పల్లెకు టైపు మెషిన్, బెస్సీ స్మిత్ రికార్డులు పట్టుకెళ్లి తన తొలి నవల ముగించిన సంగతి చెప్పాడు. తన వాళ్ల మాట తీరు తనకు మళ్లీ వినిపించింది ఆ పాటల్లోనేనన్నాడు. ఆ జవాబు రాబట్టింది ఒక గ్రామఫోన్ రికార్డు. దాన్ని అచ్చులో చూపించలేం.

నా దృష్టిలో ఈ ఆర్కైవ్ తెరవడంలోని అసలు విలువ ఇదే. టెర్కెల్ ప్రపంచానికి తెలిసింది పుస్తకాల ద్వారా. 1967లో ‘డివిజన్ స్ట్రీట్: అమెరికా’, 1970లో మహామాంద్యం జ్ఞాపకాలతో ‘హార్డ్ టైమ్స్’, 1974లో ‘వర్కింగ్’ వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధాన్ని బతికిన వాళ్ల మాటలతో కూర్చిన ‘ది గుడ్ వార్’కు 1985లో పులిట్జర్ బహుమతి దక్కింది. ఆ పుస్తకాల్లో ఆయన తన ప్రశ్నలు చాలా వరకు తీసేశాడు. చదివితే, ఎవరూ అడక్కుండానే ఆ మనిషి తన బతుకంతా ఏకబిగిన చెప్పుకుపోయినట్టుంటుంది. టేపు వింటే తెలుస్తుంది, ఆ మాట బయటికి రావడానికి ఎదుట ఇంకో మనిషి ఎంత పని చేశాడో. ఊ కొట్టడం, మధ్యలో అందుకోవడం, తప్పుగా అర్థం చేసుకుని దిద్దించుకోవడం, ఒక్కోసారి చెప్పేవాడి కన్నా ముందే నవ్వేయడం, అన్నీ వినిపిస్తాయి. మౌఖిక చరిత్ర ఇద్దరి మధ్య పుడుతుంది. పుస్తకం ఒకరినే చూపించింది, టేపు రెండో మనిషిని తిరిగి తెచ్చింది.

‘వర్కింగ్’ కోసం ఆయన వంద మందికి పైగా పనివాళ్లతో మాట్లాడాడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కాల్స్ కలిపే అమ్మాయి, రోజంతా మనుషులతో మాట్లాడుతూనే ఉన్నా ఎవరితోనూ ముచ్చటించే వీల్లేని ఉద్యోగం గురించి చెబుతుంది. కార్లు పార్కింగ్ చేసే ఆయన, ఎంత పెద్ద కారునైనా ఒకే తిప్పులో సందులోకి దూర్చగల తన నేర్పును పాటగాడు రాగం గురించి చెప్పినంత గర్వంగా వర్ణిస్తాడు. పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడైంది, నాటకంగానూ ఆడింది. టేపులు మాత్రం దశాబ్దాల తరబడి పెట్టెల్లో పడి ఉన్నాయి. రేడియో డయరీస్, ప్రాజెక్ట్ అండ్ అనే రెండు సంస్థలు ఆ పెట్టెలు విప్పి, అందులోని గొంతులతో 2016లో అమెరికా ప్రజా రేడియో ఎన్పీఆర్‌లో కార్యక్రమాలు ప్రసారం చేశాయి. నాటి మనుషుల్లో దొరికిన కొందరిని వెతికి పట్టుకుని మళ్లీ మాట్లాడించాయి కూడా. యవ్వనంలో తాను చెప్పిన మాటను నలభై ఏళ్ల తర్వాత తానే వినే అవకాశం ఎంతమందికి వస్తుంది?

రేడియో నుంచి తప్పుకున్నాక టెర్కెల్ చికాగో హిస్టరీ మ్యూజియంలో చేరాడు, టేపులూ అక్కడికే చేరాయి. ఆయన 2008 అక్టోబర్ 31న, 96 ఏళ్ల వయసులో చనిపోయాడు. 2010లో మ్యూజియానికీ అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయానికీ మధ్య టేపులను డిజిటల్ చేసే ఒప్పందం కుదిరింది. ఆ గ్రంథాలయపు దృశ్య శ్రవణ సంరక్షణ కేంద్రం వర్జీనియాలోని కల్పెపర్‌లో కొండను తొలిచి కట్టిన కట్టడంలో ఉంది. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో అణుదాడి జరిగినా దేశానికి నోట్ల కొరత రాకూడదని డాలర్ల కట్టలు దాచిన చోటది. ఇప్పుడు సినిమా రీళ్లకూ టేపులకూ ఆశ్రయమిస్తోంది.

టేపును డిజిటల్ చేయడం పుస్తకాన్ని స్కాన్ చేసినంత త్వరగా అయ్యే పని కాదు. గంట టేపు గంట సేపూ తిరగాల్సిందే. కార్యక్రమానికి గంట చొప్పున లెక్కేసి, ఒకే మెషిన్ మీద రోజుకు ఎనిమిది గంటలు ఆడిస్తే ఈ 5,600 కార్యక్రమాలకు ఏడు వందల రోజులు పడుతుంది. స్పూల్ టేపుల్లో కొన్ని రకాలకు ఇంకో జబ్బుంది. పూతను పట్టి ఉంచే జిగురు గాలిలో తేమ పీల్చి బంకలా మారుతుంది. అలాంటి టేపును అలాగే ఆడిస్తే పూత ఊడి మెషిన్‌కు అంటుకుంటుంది, దాంతో పాటే గొంతూ పోతుంది. అందుకే ముందు తక్కువ వేడి మీద గంటల తరబడి ఆరబెట్టి, ఆ తర్వాత కాపీ తీస్తారు.

ఇంత చేసినా ఆర్కైవ్ తెరిచినట్టు కాదు. ‘1967, స్త్రీ, కార్యకర్త’ అని మాత్రమే రాసున్న ఫైలును ఎవరు వెతుకుతారు? మాటలను రాతలోకి ఎక్కించాలి. కంప్యూటర్ ఎక్కించినదాన్ని మనుషులు విని దిద్దాలి, విషయ సూచిక కట్టాలి. టెర్కెల్ ఆర్కైవ్ ఈ బాట పట్టింది. రాత ఉన్న కార్యక్రమాల్లో ఒక మాట మీద నొక్కితే గొంతు అక్కణ్నుంచే మొదలవుతుంది. హక్కుల చిక్కు వేరు. సంభాషణ స్టేషన్‌దే కావచ్చు, మధ్యలో వేసిన పాట ఇంకో కంపెనీది, చదివిన కవిత ఇంకొకరిది. ఇక మాట్లాడిన మనిషి సంగతి అన్నిటికన్నా సున్నితం. 1965లో రేడియోలో ఒక పూట వినిపించి గాలిలో కలిసిపోతుందనుకుని మనసు విప్పిన మనిషి, తన పేరు కొట్టగానే మునిమనవడికి కూడా ఆ మాట దొరుకుతుందని ఊహించలేదు. అందుకే అభ్యంతరం చెప్పే దారి కూడా ప్రతి ఆర్కైవ్‌లో ఉండి తీరాలి. అలాగని ఆ భయం అడ్డుపెట్టి మొత్తానికే తాళం వేయడాన్ని నేను ఒప్పుకోను.

తెలుగు నేల మీద రేడియో వయసూ తక్కువేం కాదు. హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వ దక్కన్ రేడియో 1935 నుంచి పలికింది, 1950లో ఆకాశవాణిలో కలిసింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. వాటి పాటలు, నాటకాలు కొన్ని జనానికి తిరిగి వినిపిస్తున్నాయి, సంతోషమే. నాకు ఇంకో ఆశ ఉంది. వ్యవసాయ కార్యక్రమంలో విత్తనాల గురించి చెప్పిన రైతు, స్త్రీల కార్యక్రమంలో మొదటిసారి మైకు ముందు కూర్చున్న గృహిణి, వీళ్ల టేపులు ఏ కొద్దిగా మిగిలినా, పాటలకిచ్చినంత పీట వాటికీ వేయాలి. ఘంటసాల గొంతు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, ఆ రైతు గొంతు ఆ టేపులో తప్ప ఇంకెక్కడా లేదు.

టెర్కెల్ ఆర్కైవ్‌లోకి వెళ్లాలనుకునే వాళ్లకు బాల్డ్విన్ తర్వాత నేను చెప్పేది ‘దిస్ ట్రెయిన్’. 1963 ఆగస్టులో పౌర హక్కుల కోసం జరిగిన వాషింగ్టన్ మహాప్రదర్శనకు చికాగో నుంచి బయల్దేరిన రైలులో టెర్కెల్ కూడా ఎక్కాడు, టేపు రికార్డర్ పట్టుకుని. రాజధానిలో ఆ రోజు కింగ్ చేసిన ప్రసంగం బడిపిల్లలకూ తెలుసు. ఈ కార్యక్రమంలో మాట్లాడేది ఆ ప్రసంగం వినడానికి వెళ్తున్న వాళ్లు. ఎందుకు బయల్దేరారో, ఇంట్లో ఏం చెప్పి వచ్చారో, ఏం జరుగుతుందనుకుంటున్నారో పెట్టె వెంట పెట్టె తిరుగుతూ ఆయన అడుగుతుంటాడు, రైలు చప్పుడు మధ్య వాళ్లు చెబుతుంటారు.