బొమ్మయంత్రము చెప్పిన నిజము

జేమ్సు వాట్ అను బాలుడు పొయ్యిమీద కాగుచున్న నీటిపాత్ర మూత ఎగురుట చూచి ఆవిరియంత్రమును కనిపెట్టెనని మీలో పలువురు చిన్ననాడు చదివియుందురు. బడిపంతులుగా నున్న కాలమున నేనును ఆ కథనే పిల్లలకు చెప్పితిని. అది నిజము కాదు. వాట్ 1736వ సంవత్సరము జనవరి 19వ తేదీన స్కాట్లండులోని గ్రీనాక్ పట్టణమున జన్మించెను. అప్పటికి 24 ఏండ్లకు పూర్వమే ఇంగ్లండులో ఆవిరియంత్రము నీరు తోడుచుండెను. వాట్ చూచినది మూత కాదు. రెండంగుళముల వెడల్పుగల గొట్టముతో నడచు ఒక బొమ్మయంత్రమును అతడు బాగుచేయబూనెను. అది నడువకపోవుటకు కారణము వెదకుచు దానికి కావలసిన చిన్నచిన్న భాగములను తన చేతితోనే చేసికొనెను. ఆ కథను నేడు మీకు విన్నవించెదను. దాని అర్థము నాకు ఆలస్యముగా బోధపడినది. అది ఎట్లు బోధపడినదో కడపట చెప్పెదను.

ఆ దినములలో బొగ్గుగనులలో నీరు ఊరి పని సాగనిచ్చెడిది కాదు. ఆ నీటిని తోడుటకు థామస్ న్యూకొమెన్ అను ఇనుపసామానుల వర్తకుడు 1712లో ఒక యంత్రమును నిలిపెను. దాని పని తెలియవలెనన్న పిల్లలు వసంతమాడు చిమ్మనగ్రోవిని తలచుకొనుడు. ఒక గొట్టము, దానిలో పైకిని క్రిందికిని జరుగు ఒక బిరడా. యంత్రములో గొట్టమునకు సిలిండరనియు, బిరడాకు పిస్టననియు పేరు. బాననుండి ఆవిరి వచ్చి గొట్టమును నింపును. అంతట లోపలికి చన్నీరు చిమ్ముదురు. ఆవిరి చల్లబడి కొద్దిపాటి నీరై పోవును. లోపల ఏమియు మిగులదు గనుక బయటి గాలిబరువు బిరడాను క్రిందికి నొక్కును. పైన మన ఏతపు మానువంటి దూలమొకటి ఊగుచు రెండవకొనతో గనిలోని నీటిని పైకి లాగును. ఆ యంత్రము బొగ్గును విస్తారముగా తినెడిది. కాని గనియొద్ద బొగ్గునకు కొరత యేమి? అర్ధశతాబ్దము అది అట్లే నడచెను.

వాట్ కొలతల పరికరములు చేయు పనివాడు. లండను నగరమున ఒక సంవత్సరము పని నేర్చి గ్లాస్గో పట్టణమునకు వచ్చెను. శిష్యరికపు ఏండ్లు నిండలేదని అచ్చటి లోహపు పనివారల సంఘము అతనికి అడ్డుచెప్పినదని చరిత్రకారులు వ్రాయుదురు. అంతట విశ్వవిద్యాలయమువారు 1757లో తమ ఆవరణలోనే అతనికొక గది ఇచ్చి పని చేసికొనుమనిరి. విద్యార్థులకు చూపుటకై అచ్చట న్యూకొమెన్ యంత్రమునకు చిన్న నమూనా ఒకటి యుండెను. దాని గొట్టము వెడల్పు 2 అంగుళములు, బిరడా నడక 6 అంగుళములు. అది సరిగా నడువకుండుటచే 1763లో జాన్ ఆండర్సన్ అను ఆచార్యుడు దానిని వాట్‌నకు అప్పగించెను.

వాట్ దానిని బాగుచేసెను. అయినను నాలుగైదు ఊపులు ఊగి ఆగిపోవుచుండెను. పొయ్యి మండుచునే యున్నది, బాన చాలినంత పెద్దదే, కాని ఆవిరి చాలదు. మరియొకడైనచో “బొమ్మయే కదా, ఈమాత్రము చాలు” నని అప్పగించి కూలి పుచ్చుకొనియుండును. వాట్ అట్లు చేయక, పెద్ద యంత్రము నడచుచుండగా అదే రీతిని కట్టిన చిన్నది ఏల నడువదని ప్రశ్నించుకొనెను.

దానికి సమాధానము మన వంటింటిలోనే యున్నది. చిన్న గిన్నెలోని పాలు పెద్ద కాగులోని పాలకంటె ముందుగా చల్లారును. అంగుళము పొడవు, వెడల్పు, ఎత్తుగల ఘనమునకు లోపలి చోటు ఒక ఘనాంగుళము, చుట్టు తలము 6 చదరపు అంగుళములు. రెండంగుళముల ఘనమునకు చోటు 8, తలము 24. అనగా ఒక్కొక్క ఘనాంగుళమునకు తలము మూడే. వస్తువు చిన్నదైనకొలది దానిలోని వేడి పోవుటకు దారి ఎక్కువ. ప్రతి ఊపునకును చన్నీటిచే గొట్టము చల్లబడుచున్నది. మరల వచ్చిన ఆవిరిలో అధికభాగము గొట్టమును వేడిచేయుటకే వ్యయమగుచున్నది. ఈ దోషము పెద్ద యంత్రములో లేకపోలేదు. అచ్చట నష్టము భరింపదగినంతగా నుండుటచే మరుగుపడి యుండెను. చిన్నదానిలో నష్టము మితిమీరి యంత్రమే నిలిచిపోయెను. పెద్దది దాచిన తప్పును బొమ్మ బయటపెట్టెను.

ఇక వాట్ తనకు కావలసిన భాగములను తానే చేసికొన మొదలిడెను. ఇత్తడి వేడిని త్వరగా పీల్చుననియెంచి, కొయ్యతో 6 అంగుళముల వెడల్పుగల గొట్టమును తొలిచి, అవిసెనూనెలో నానబెట్టి, ఎండించి పరీక్షించెను. కొంత మేలు కలిగెను గాని కొయ్య చిరకాలము నిలుచునది కాదు. ఒక్కొక్క ఊపునకు ఎంత ఆవిరి పోవుచున్నదో కొలిచెను. గొట్టములో పట్టు ఆవిరికి అనేక రెట్లు ఖర్చగుచున్నదని తేలెను. ఆవిరిలో దాగియుండు వేడినిగూర్చి జోసెఫ్ బ్లాక్ అను ఆచార్యునివలన తెలిసికొనెను. గొట్టమును ఎల్లప్పుడు వేడిగా నుంచవలెను. ఆవిరిని మాత్రము చల్లార్చవలెను. ఈ రెండును ఒకేచోట కుదురుట ఎట్లు?

1765లో ఒక ఆదివారము గ్లాస్గో పచ్చికబయలులో నడచుచుండగా అతనికి దారి తోచెను. ఆవిరిని వేరొక పాత్రలోనికి పోనిచ్చి అచ్చట చల్లార్చినచో గొట్టము వేడిగానే యుండును గదా! దానిని పరీక్షించుటకు అంగడిలో దొరకు భాగమేదియు లేదు. ఒకటిముప్పావు అంగుళముల వెడల్పు, పదియంగుళముల పొడవుగల ఇత్తడి పిచికారిని తీసికొని దానికి తగరపురేకుతో మూతయు అడుగును అమర్చెను. చల్లార్చు పాత్రకు సన్నని తగరపు గొట్టములను అతికి, వానిలోని గాలిని తోడుటకు ఒక చిన్న పంపును చేర్చెను. ఆ పిచికారి సుమారు 18 పౌనుల బరువును ఎత్తెను. తరువాత లోకమున మిల్లులను, గనులను నడపిన వాట్ యంత్రము తొలుత నడచినది ఈ రేకుముక్కల కూర్పులోనే.

కాని చిన్నదానిలో కుదిరినది పెద్దదానిలో వెంటనే కుదురలేదు. 1769లో వాట్ తన యుపాయమునకు హక్కుపత్రము పొందెను. ఆ సంవత్సరమే కినీల్ అనుచోట 18 అంగుళముల గొట్టముతో యంత్రము కట్టగా ఆవిరి కారిపోయెను. పోతపోసిన గొట్టము సరియైన గుండ్రముగా లేదు. గుడ్డపేలికలు, నార, కాగితము, పాతటోపీలు, గుఱ్ఱపుపేడ కూడ కూరి చూచెను; ఫలింపలేదు. పిచికారిని చేతితో నునుపుచేయవచ్చును గాని మనిషియంత గొట్టమును నునుపుచేయు సాధనము అప్పటికి లేదు. ఫిరంగులను తొలుచుటకై జాన్ విల్కిన్సన్ 1774లో కొత్త సాధనమును కల్పించెను. తరువాత ఇరువైపుల ఆధారముగల దృఢమైన కడ్డీపై కత్తి నమర్చి యంత్రముల గొట్టములను తొలిచెను. అతడు తొలిచిన 50 అంగుళముల గొట్టములో తప్పు పాత షిల్లింగునాణెపు మందమునకు మించదని వాట్ భాగస్వామియగు మాథ్యూ బౌల్టన్ వ్రాసెను. 1776లో వారి యంత్రములు పనిలోనికి వచ్చెను.

నాటినుండి బొమ్మయంత్రములు చేయుట ఒక విద్యగా వృద్ధియయ్యెను. వాట్ కొలువులో నుండిన విలియం మర్డాక్ 1784 ప్రాంతమున కార్న్‌వాల్ సీమలో ముప్పావు అంగుళపు గొట్టముగల ఆవిరిబండి నమూనాను తన యింట చేసి నేలపై పరుగెత్తించెను. అట్టి పనికి అతిసన్నని మరమేకులు కావలెను. 1884లో బ్రిటిష్ అసోసియేషన్ వారు సన్నని మరలకొక వరుస నిర్ణయించిరి. అందులో సున్న అంకెగల మర 6 మిల్లీమీటర్ల మందము. అంకె పెరిగినకొలది మర సన్నమగును. 1898లో పెర్సివల్ మార్షల్ లండనులో ఇట్టి పనివారికొరకు ‘మోడల్ ఇంజనీర్’ అను పత్రికను స్థాపించెను. ఆ సంవత్సరమే వారి సంఘమొకటి వెలసెను. గుమాస్తాలు, కార్ఖానా కూలీలు సాయంకాలమున ఇంటి వెనుక కొట్టములలో తరిమెన త్రిప్పుచు బొటనవ్రేలంత పిస్టనులను చేసిరి. మొదట కొయ్యతో అచ్చుచేసి, ఇసుకలో ముద్రవేసి, కంచు పోయింతురు. పిదప తరిమెనపై పట్టి, వెండ్రుకవాసి తీసి గొట్టములో పెట్టి చూచి, మరల వెండ్రుకవాసి తీయుదురు. ఒక్కమారు అధికముగా తీసినచో దానిని పారవేసి మొదటినుండి చేయవలసినదే.

ఇక నా సంగతి. నేను బడిలో కాగునీటి మూత కథ చెప్పుచున్న దినములలోనే మా ప్రక్కయింటి కుర్రవాడొకడు సైకిలుపంపు విరిగిన గొట్టముతోను, రేకుడబ్బాతోను ఆవిరియంత్రమును చేసికొని మా అరుగుమీదికి తెచ్చెను. “పెదనాన్నగారూ, డబ్బానిండా నీళ్లు పోసినా నాలుగు ఊపులకే ఆగిపోతోందండీ. మిగతా ఆవిరి ఎక్కడికి పోతోంది?” అని అడిగెను. బిరడాకు సరిపడు ఇత్తడిముక్కను పట్టణములో తరిమెన పట్టించి తెమ్మని వేడుకొనెను. “ఆటబొమ్మకు ఇంత ఆలోచన యేమిరా! పోయి లెక్కలు చేసుకో” అని నేను గద్దించితిని. వాడు మారుమాటాడక ఆ బొమ్మను అరుగుమీదనే విడిచి పోయెను. మరల దానిని అడుగలేదు. నన్ను ఏ ప్రశ్నయు అడుగలేదు.

పిమ్మట వాట్ చరిత్రను నేను సరిగా చదివితిని. గ్లాస్గోలో అతడు వేసికొన్న ప్రశ్నయు, మా అరుగుమీద ఆ పిల్లవాడు వేసిన ప్రశ్నయు ఒక్కటియే. విశ్వవిద్యాలయము వాట్‌నకు గది ఇచ్చినది. నేను చిన్న ఇత్తడిముక్క ఇయ్యలేకపోతిని. ఆ బొమ్మ నేటికిని నాయొద్ద నున్నది. దాని బిరడా గొట్టములో వదులుగా నున్నదని ఇప్పుడు వ్రేలితో త్రిప్పినచో నాకును తెలియును. ఆ పిల్లవానికి నాడే తెలిసినది.

వాట్ 1800లో వ్యాపారమునుండి విరమించెను. ధనము కలదు, కీర్తి కలదు. అయినను ఇంటి అటకపై చిన్న పనిగది నేర్పరచుకొని, శిల్పములకు ప్రతులు చెక్కు యంత్రములకై భాగములు చేసికొనుచు ముదిమిని గడపెను. 1819 ఆగస్టు 25న తన 83వ ఏట మరణించెను. ఆ గదిని అట్లే మూసియుంచిరి. 1924లో దానిలోని పనిముట్లన్నిటిని లండనులోని సైన్సు మ్యూజియమునకు చేర్చి, గది యున్నది యున్నట్లే అమర్చిరి. అతడు బాగుచేసిన బొమ్మయంత్రము గ్లాస్గో విశ్వవిద్యాలయమువారి హంటేరియన్ మ్యూజియమున భద్రముగా నున్నది.

పెద్దలారా! మీ యింట పిల్లవాడు రేకుముక్కలు పోగుచేసికొని కూర్చున్నచో వానిని లేపకుడు. వాడు అడుగు ప్రశ్నకు మనకు సమాధానము తెలియకపోయినను దోషము లేదు. వానికి కావలసిన ముక్కను కమ్మరి కొలిమియొద్దనో, పట్టణపు తరిమెనవానియొద్దనో చేయించి యిండు. అది సరిపడినదో లేదో వానినే చూచుకొననిండు. నేను చేయని పని యిది. మీరు చేయుదురని నమ్మి సెలవు తీసికొనుచున్నాను.