అమెరికా సమాజంలో రాజకీయ సామాజికీకరణ

వ్యక్తికి రాజకీయ విశ్వాసాలు, విలువలు, పార్టీ పట్ల అనురక్తి, ప్రభుత్వం పట్ల నమ్మకం లేదా అపనమ్మకం అలవడే క్రమాన్ని రాజనీతి శాస్త్రంలో రాజకీయ సామాజికీకరణ అంటారు. 1959లో హెర్బర్ట్ హైమన్ ఇదే పేరుతో ప్రచురించిన గ్రంథం ఈ అధ్యయనాన్ని ఒక ప్రత్యేక శాఖగా నిలబెట్టింది. ఆ తరువాత జరిగిన పరిశోధనలలో చాలా భాగం అమెరికా సంయుక్త రాష్ట్రాలలోనే సాగినందున ఆ దేశం గురించి సమాచారం విస్తారంగా ఉంది. వాటన్నిటినీ కలిపి చూస్తే తేలే ముఖ్యాంశం ఏమిటంటే, అక్కడి పౌరుడు సాధారణంగా సమస్యలను బేరీజు వేసి పార్టీని ఎంచుకోడు. తాను ఎవరి మనిషో ముందు తెలుసుకుని, ఆ వర్గానికి తగిన అభిప్రాయాలను తరువాత సమకూర్చుకుంటాడు.

ఈ క్రమానికి ఒక ఉమ్మడి నేపథ్యం ఉంది. స్వేచ్ఛ, సమానత, వ్యక్తి స్వయంశక్తి, పరిమిత ప్రభుత్వం అనే భావనలను దాదాపు అమెరికన్లందరూ మాటవరసకైనా అంగీకరిస్తారు. స్వీడన్ ఆర్థికవేత్త గున్నార్ మిర్డాల్ 1944లో వీటిని ‘అమెరికన్ ధర్మసూత్రం’గా వర్ణించి, నల్లజాతివారి పట్ల జరిగే వ్యవహారానికీ దీనికీ మధ్య ఉన్న వైరుధ్యమే ఆ దేశపు ప్రధాన సమస్య అని వాదించాడు. తగాదా విలువల పేర్ల మీద కాక వాటి అర్థం మీద సాగుతుంది: తుపాకీ ఉంచుకునే హక్కును ఒకరు స్వేచ్ఛగా భావిస్తే, తుపాకీ భయం లేకుండా బడికి వెళ్లగలగడమే స్వేచ్ఛ అని మరొకరు అంటారు.

అర్థాన్ని మొదట నిర్ణయించేది కుటుంబం. 1960లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన నలుగురు పరిశోధకులు ‘ది అమెరికన్ ఓటర్’ గ్రంథంలో పార్టీ అనుబంధం అనే భావనకు ప్రాచుర్యం తెచ్చారు. పార్టీ సభ్యత్వంతోగాని, ఒకసారి వేసిన ఓటుతోగాని నిమిత్తం లేకుండా, మతం లాగే తనను తాను డెమోక్రాట్‌గానో రిపబ్లికన్‌గానో భావించుకునే స్థిరమైన మనోభావం ఇది. న్యూ హేవెన్ నగరంలో ఫ్రెడ్ గ్రీన్‌స్టీన్ జరిపిన పరిశీలనలో తొమ్మిదేళ్ల పిల్లల్లో సగానికి పైగా తమది ఏ పార్టీయో చెప్పగలిగారు గాని, రెండు పార్టీలకూ తేడా ఏమిటో చెప్పగలిగినవారు బహు తక్కువ. కెంట్ జెన్నింగ్స్, రిచర్డ్ నీమీ 1965లో దేశవ్యాప్తంగా 1,669 మంది హైస్కూలు చివరి తరగతి విద్యార్థులనూ వారి తల్లిదండ్రులనూ విడివిడిగా ప్రశ్నించి, అదే తరాన్ని 1973, 1982, 1997లలో మళ్లీ పలకరించారు. 1965 నాటి విద్యార్థులలో పదింట దాదాపు ఆరుగురు తల్లిదండ్రుల పార్టీ వైఖరినే కలిగి ఉండగా, పూర్తిగా ఎదుటి పార్టీకి మారినవారు నూటికి పదిమంది కూడా లేరు. తక్కినవారు తటస్థతకు అటో ఇటో జరిగారు. అయితే ప్రభుత్వం పట్ల అపనమ్మకం, వాక్‌స్వాతంత్ర్యం వంటి విషయాలలో ఇంటి పోలిక ఆశ్చర్యకరంగా బలహీనం. బడులలో ప్రార్థన, జాతుల కలయిక వంటి నిత్యం చర్చకు వచ్చే అంశాలలో మాత్రం కొంత సారూప్యం కనిపించింది. అంటే తల్లిదండ్రులు పిల్లలకు అందించేది పార్టీ పేరు. దాని వెనుక ఉండవలసిన వాదనలు కావు.

ఈ అనుబంధం ఇటీవలి దశాబ్దాలలో మరింత గాఢమైంది. తమ బిడ్డ ఎదుటి పార్టీ వారిని వివాహమాడితే అసంతృప్తి చెందుతామని 1960లో చెప్పినవారు నూటికి అయిదుగురికి మించలేదు. 2010 నాటికి అలా చెప్పినవారు రిపబ్లికన్లలో దాదాపు సగం, డెమోక్రాట్లలో మూడోవంతు. కులాంతర వివాహాల చర్చ తెలిసిన తెలుగు పాఠకులకు ఈ మార్పు స్వభావం వేరుగా వివరించనక్కరలేదు.

బడి ప్రభావం మరో రకమైనది. డేవిడ్ ఈస్టన్, జాక్ డెన్నిస్ 12 వేల మందికి పైగా బాలబాలికల సమాధానాలను విశ్లేషించి, పసితనంలో ప్రభుత్వం అంటే అధ్యక్షుడు, పోలీసు అనే ఇద్దరు మనుషులేననీ, ఇద్దరినీ పిల్లలు మేలుచేసే పెద్దలుగా ఆరాధిస్తారనీ తేల్చారు. ఇది నగరాల తెల్లజాతి పిల్లల చిత్రమే తప్ప దేశమంతటి చిత్రం కాదు. 1968లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో తూర్పు కెంటకీ కొండప్రాంతపు పేద పిల్లలకు అధ్యక్షుడి మీద అలాంటి భక్తి కనిపించలేదు. 1892లో ఫ్రాన్సిస్ బెల్లమీ రాసిన జెండా ప్రతిజ్ఞను, 1954లో దైవ ప్రస్తావన చేర్చిన రూపంలో, నేటికీ అనేక బడులలో చెప్పిస్తారు. కాని దానిని విద్యార్థిపై బలవంతం చేయరాదని సుప్రీంకోర్టు 1943లోనే, యెహోవా సాక్షుల కుటుంబాలు వేసిన వ్యాజ్యంలో తీర్పు ఇచ్చింది. పాఠ్యక్రమం కేంద్ర ప్రభుత్వం చేతిలో లేక రాష్ట్రాల చేతిలో, సుమారు 13 వేల స్థానిక పాఠశాల జిల్లాల చేతిలో ఉన్నందువల్ల చరిత్ర పాఠం కూడా ఊరినిబట్టి మారుతుంది. 1894లో ఏర్పడిన ‘యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ’ అనే మహిళా సంఘం దక్షిణాది పాఠ్యపుస్తకాలలో అంతర్యుద్ధానికి బానిసత్వం కారణం కాదన్నట్టు రాయించడంలో చాలాకాలం సఫలమైంది. బడి పార్టీని నేర్పకపోయినా, ఎవరు మనవారో ఈ విధంగా నేర్పగలదు.

జాతి, మతం ఈ అవగాహనకు దన్నుగా నిలుస్తాయి. బానిసత్వ విమోచన చేసిన లింకన్ పార్టీగా రిపబ్లికన్లను దశాబ్దాలపాటు అంటిపెట్టుకున్న నల్లజాతి ఓటర్లు 1936లో డెమోక్రాటిక్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వైపు మొగ్గి, 1964 పౌరహక్కుల చట్టం తరువాత పదింట తొమ్మిది వంతుల వరకు డెమోక్రాట్లయ్యారు. ఆ వర్గంలో సంపన్నులు సైతం ఆదాయానికి తగ్గట్టు ఓటు వేయకపోవడానికి కారణం, తన జాతికి జరిగేదే తనకూ జరుగుతుందన్న భావన అని మైకేల్ డాసన్ 1994లో వివరించాడు. దానిని నిలిపి ఉంచిన సంస్థ నల్లజాతి చర్చి. తెల్లజాతి ఇవాంజెలికల్ చర్చిలలో 1970ల చివర, ముఖ్యంగా 1979లో మతబోధకుడు జెర్రీ ఫాల్వెల్ ‘మోరల్ మెజారిటీ’ని స్థాపించిన తరువాత, ఇదే తరహా సమీకరణం రిపబ్లికన్ల పక్షాన సాగింది.

సంక్రమించిన అనుబంధం తెగిపోయే వయసు ఒకటి ఉంది. యౌవనారంభంలో ఎదురైన చుట్టుపక్కల వాతావరణం, జాతీయ సంఘటనలు జీవితాంతం ముద్ర వేస్తాయన్న వాదానికి ప్రసిద్ధ నిదర్శనం వెర్మాంట్ రాష్ట్రంలోని బెన్నింగ్టన్ కళాశాల. సంపన్న సంప్రదాయ కుటుంబాల నుంచి వచ్చిన అక్కడి విద్యార్థినులను థియోడర్ న్యూకోమ్ 1930లలో పరిశీలించాడు. 1936 ఎన్నికలలో మొదటి ఏడాది విద్యార్థినులలో నూటికి 62 మంది రిపబ్లికన్ అభ్యర్థి లాండన్‌ను కోరగా, పై తరగతులవారిలో కోరినవారు 15 మందే. మార్చింది పాఠాలకన్నా కళాశాలలో గౌరవం పొందిన సహచరుల వైఖరి. పాతికేళ్ల తరువాత మళ్లీ కలిసినప్పుడు కూడా వారిలో అధికులు ఉదారవాదులుగానే మిగిలారు, భర్తలను, స్నేహితులను ఎంచుకోవడంలోనూ ఆ అభిప్రాయాలే దారి చూపాయి. వియత్నాం యుద్ధం, వాటర్‌గేట్ కుంభకోణం చూసిన తరం వేరే పాఠం నేర్చుకుంది: 1964లో నాలుగింట మూడువంతుల మంది ప్రభుత్వాన్ని నమ్మగా, 1970ల మధ్యకు ఆ సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది, మళ్లీ స్థిరంగా కోలుకోలేదు.

పెద్దవయసులో ఓటు మారినా పార్టీ పేరు మారడం ఎంత నెమ్మదో చిరకాలం డెమోక్రాట్లదైన దక్షిణాది చెబుతుంది. 1964లో పౌరహక్కుల చట్టాన్ని వ్యతిరేకించిన రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి గోల్డ్‌వాటర్ సొంత రాష్ట్రం అరిజోనా కాక గెలిచిన అయిదు రాష్ట్రాలూ దక్షిణాదివే. అయినా అక్కడి ప్రతినిధుల సభ స్థానాలలో రిపబ్లికన్లకు ఆధిక్యం రావడానికి 1994 వరకు పట్టింది. అధ్యక్షుడిగా రిపబ్లికన్‌కు ఓటు వేస్తూనే డెమోక్రాట్‌నని చెప్పుకునే వృద్ధతరం గతించి, వారి పిల్లలు ఓటర్లు కావలసివచ్చింది.

ప్రచార సాధనాల శక్తిని ప్రజలు అతిగా అంచనా వేస్తారు. 1940 ఎన్నికలలో ఒహాయోలోని ఎరీ కౌంటీని పరిశీలించిన లాజర్స్‌ఫెల్డ్ బృందం, ప్రచారం మనసు మార్చడంకన్నా ఉన్న మొగ్గును గట్టిపరుస్తుందని చెప్పింది. వివాదాంశాల్లో ఇరుపక్షాలనూ వినిపించాలన్న ప్రసార నియమం 1987లో రద్దయి, 1996లో ఫాక్స్ న్యూస్ మొదలయ్యాక ఆ గట్టిపరచడం రోజంతా సాగే వ్యాపారమైంది.

వలస కుటుంబాలకు ఈ సూత్రాలు నేరుగా వర్తించవు, ఎందుకంటే ఇంట్లో అందించడానికి అమెరికన్ పార్టీ పేరే ఉండదు. ఆసియా సంతతివారిలో తమది ఏ పార్టీ కాదనేవారు ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. తెలుగువారు రెండువైపులా ఉన్నారు: హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరు అయిన డెమోక్రాట్ కాగా, ఆంధ్ర నుంచి వెళ్లిన దంపతుల కుమార్తె ఉషా వాన్స్ 2025 నుంచి రిపబ్లికన్ ఉపాధ్యక్షుడి భార్యగా ద్వితీయ మహిళ హోదాలో ఉన్నారు. ఒక్కొక్క దేశానికి ఏటా ఏడు శాతమన్న పరిమితి కారణంగా భారతీయుల గ్రీన్‌కార్డు నిరీక్షణ దశాబ్దాలకు సాగడంతో, అక్కడే పుట్టి పౌరసత్వం పొందిన సంతానమే అనేక ఇళ్లలో తొలి ఓటరు అవుతోంది. బడిలో విన్న రాజకీయాన్ని తల్లిదండ్రులకు వివరించే పని కూడా అలాంటి ఇళ్లలో పిల్లల మీదే పడుతోంది.